బడికి పంపితే బాధ్యత తీరుతుందా?

పాతబస్తీలోని యాకుత్‌పురా ప్రాంతంలో ఇషా నమాజు ముగిశాక ఒక సోదరుడు నా పక్కన వచ్చి కూర్చున్నాడు. ముఖంలో అలసట కనిపిస్తోంది. కాసేపు మౌనంగా ఉండి, “భాయీసాబ్, ఒక మాట అడుగుతాను. పిల్లాణ్ణి బడి మానిపిస్తే గునాహ్ అవుతుందా?” అన్నాడు.

అతని కొడుకుకు తొమ్మిదేళ్లు. ఒక ప్రైవేటు బడిలో నాలుగో తరగతి. ఆరు నెలలుగా రోజూ ఉదయం కడుపునొప్పి అంటాడు. ఆదివారం నాడు మాత్రం ఏ నొప్పీ ఉండదు. హోంవర్కు రాయలేదని ఒకసారి కొట్టారు. ఫీజు ఆలస్యమైందని రెండుసార్లు తరగతి బయట నిలబెట్టారు. ఇంట్లో గడియారం విప్పి మళ్లీ బిగించగల పిల్లవాడు బడి పుస్తకం తెరిస్తే మాట పెగలక కూర్చుంటాడు. గల్లీలో ఇంకో మూడు కుటుంబాలవారి బాధ కూడా ఇలాగే ఉంది. నలుగురూ కలిసి పిల్లలను బడి నుంచి తీసేసి, ఇళ్లలోనే కలిసి నేర్పుకోవాలని ఆలోచిస్తున్నారట.

నేను జవాబు చెప్పేలోగా పక్కనే తస్బీహ్ తిప్పుతున్న ఒక పెద్దాయన వెనక్కి తిరిగారు. ఆయన గొంతులో కోపం ఉంది. “మన బస్తీకి పట్టిన దరిద్రమే పిల్లలు బడికి పోకపోవడం. ఒకడు గాజుల కార్ఖానాలో, ఒకడు మెకానిక్ షాపులో. ఇన్నేళ్లు కష్టపడి నాలుగు ఇళ్ల పిల్లల్ని బడి గడప ఎక్కిస్తే, ఇప్పుడు బడి మానిపించడమే గొప్ప అని కొత్త మాట తెచ్చావా?” అన్నారు.

ఆ తండ్రి తల దించుకున్నాడు. నేనూ వెంటనే ఏమీ చెప్పలేకపోయాను. ఎందుకంటే ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. ఆ రాత్రి నుంచి ఈ ప్రశ్న నన్ను వదలలేదు. దీన్ని పాఠక సోదర సోదరీమణుల ముందు ఉంచి, ధర్మం వెలుగులో కలిసి ఆలోచిద్దామని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

విధి విద్యే, భవనం కాదు

మొట్టమొదట ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. ఇస్లాం విద్యను విధిగా చేసింది. హిరా గుహలో అవతరించిన తొలి ఆదేశమే చదవమని. విద్యార్జన ప్రతి ముస్లిం మీదా విధి అని దైవప్రవక్త (సల్లం) బోధించారు. ఈ విషయంలో ఎవరికీ మినహాయింపు లేదు. అయితే ఆ విద్య ఫలానా గోడల మధ్య, ఫలానా గంట కొట్టినప్పుడు, ఫలానా యూనిఫాం తొడుక్కునే జరగాలని షరీఅత్ ఎక్కడా నిర్ణయించలేదు. విద్య గమ్యం. బడి ఆ గమ్యానికి చేర్చే ఒక దారి. దారినే గమ్యంగా పొరబడినప్పుడు రెండు రకాల తప్పులు జరుగుతాయి. ఒకరు దారి మీద నడుస్తున్నాం కదా అని, ఎక్కడికి చేరుతున్నామో చూడరు. మరొకరు దారి బాగాలేదని, గమ్యాన్నే వదిలేస్తారు.

ప్రవక్త (సల్లం) కాలపు మదీనాను చూడండి. మస్జిదె నబవీలోని సుఫ్ఫా అరుగు మీద నిరుపేద సహచరులు నివసిస్తూ నేర్చుకునేవారు. బద్ర్ యుద్ధంలో పట్టుబడిన ఖైదీలలో డబ్బు లేనివారికి, చదవడం రాయడం తెలిస్తే, మదీనా పిల్లలు పదిమందికి నేర్పడమే విడుదల వెలగా నిర్ణయించబడింది. ఆ గురువులు ముస్లిములు కూడా కారు, నిన్నటి శత్రువులు! హజ్రత్ షిఫా బిన్తె అబ్దుల్లాహ్ (రజి) విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ హఫ్సా (రజి)కు రాయడం నేర్పారు. హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) ప్రవక్త ఆదేశం మేరకు యూదుల లిపిని దాదాపు పదిహేను రోజుల్లో నేర్చుకున్నారు. స్త్రీలు తమకంటూ ఒక రోజు కేటాయించమని అడిగితే ప్రవక్త (సల్లం) కేటాయించారు.

ఈ ఉదాహరణలన్నిటిలో ఒక సంగతి గమనించాలి. నేర్చుకోవడం జీవితంతో కలిసి సాగింది. అవసరం ముందు వచ్చింది, పాఠం దాని వెంట వచ్చింది. కానీ ఏదీ గాలికి వదిలేసినది కాదు. ప్రతి చోటా నేర్పేవారు ఎవరో, నేర్చుకోవలసినది ఏమిటో స్పష్టంగా ఉంది. ఖైదీ పదిమందికి చదువు నేర్పిన తరువాతే అతని బాధ్యత తీరింది.

హజ్రత్ మాలిక్ బిన్ హువైరిస్ (రజి) ఉదంతం ఇక్కడ మరీ ముఖ్యం. ఒకే ఈడు యువకులు కొందరు ప్రవక్త (సల్లం) వద్దకు వచ్చి ఇరవై రాత్రులు ఉన్నారు. వారికి ఇంటిమీద బెంగ కలిగిందని ఆయన స్వయంగా గ్రహించారు. ఇంటి దగ్గర ఎవరెవరిని వదిలి వచ్చారో అడిగి తెలుసుకున్నారు. ఇక ఇళ్లకు వెళ్లండి, అక్కడే ఉండి మీవారికి నేర్పండి అని సాగనంపారు. విద్యార్థి చెప్పకముందే అతని బెంగను కనిపెట్టిన గురువు ఆయన! ప్రతి ఉదయం కడుపునొప్పి అంటున్న పిల్లవాడి మనసును మనం ఎంతమందిమి కనిపెడుతున్నాం?

మన నగరం చెప్పే పాఠం

ఇంట్లో విద్య హైదరాబాద్‌కు కొత్తదేమీ కాదు. బిడ్డకు నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులు నిండగానే బిస్మిల్లాహ్ ఖ్వానీ జరిపించడం ఈ నగరపు పాత ఆనవాయితీ. ఇది షరీఅత్ విధించినది కాదు. అయినా అక్షరం బిడ్డ జీవితంలోకి అడుగు పెట్టడాన్ని ఇంటిల్లిపాదీ పండుగగా భావించేవారని ఇది చెబుతుంది.

మౌలానా సయ్యద్ అబుల్ ఆలా మౌదూదీ (రహ్మ) 1903లో అప్పటి హైదరాబాద్ రాజ్యంలోని ఔరంగాబాద్‌లో జన్మించారు. న్యాయవాది అయిన తండ్రి ఆయనను చిన్నతనంలో బడికి పంపలేదు. అరబీ, ఫార్సీ, ఉర్దూ, ధార్మిక విద్య ఇంట్లోనే నేర్పించారు. తరువాత ఔరంగాబాద్ మద్రసాలో చేర్చారు. అక్కడి నుంచి ఆయన హైదరాబాద్ దారుల్ ఉలూమ్‌కు వచ్చారు. తండ్రి జబ్బుపడడంతో ఆ చదువు మధ్యలో ఆగిపోయింది. ఆ తరువాత పత్రికల్లో పనిచేస్తూ, ఢిల్లీలో పండితుల వద్ద కూర్చుంటూ తన విద్యను తానే కొనసాగించుకున్నారు.

డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్ గారు 1908లో హైదరాబాద్‌లోనే పుట్టారు. తొలి పాఠాలు ఇంట్లో తండ్రి వద్దనే. తరువాత దారుల్ ఉలూమ్, జామియా నిజామియా, ఉస్మానియా విశ్వవిద్యాలయం. అక్కడి నుంచి జర్మనీలోని బాన్, ఫ్రాన్సులోని సోర్బాన్ విశ్వవిద్యాలయాల డాక్టరేట్లు. ఫ్రెంచి భాషలోకి దివ్యఖుర్ఆన్‌ను అనువదించిన ఈ పండితుడు 2002లో అమెరికాలో కన్నుమూశారు. స్త్రీలలో సుగ్రా హుమాయూన్ మీర్జా గారు ఇంట్లోనే ఉర్దూ, ఫార్సీ చదువుకుని రచయిత్రిగా, పత్రికా సంపాదకురాలిగా ఎదిగారు.

ఈ జీవితాలను చూసి, ‘చూశారా, బడి లేకుండానే మహానుభావులయ్యారు’ అని తొందరపడి తీర్మానించకూడదు. ఈ ముగ్గురి జీవితాల్లోనూ మనం మరచిపోయే రెండు సంగతులు ఉన్నాయి. మొదటిది, ఆ ఇళ్లలో అప్పటికే చదువు ఉంది. పుస్తకాలు, పండితులైన పెద్దలు, వారికి తీరిక. నేర్పగలిగిన ఇల్లే నేర్పింది. రెండవది, ఆ ఇంటి తలుపులు మూసి ఉంచలేదు. సమయం వచ్చినప్పుడు మౌలానాను, డాక్టర్ గారిని మద్రసాలకు పంపారు. సుగ్రా బేగం అయితే తనలాగా ఇంట్లో నేర్చుకునే అవకాశం అందరు ఆడపిల్లలకూ ఉండదని గుర్తించారు. 1934లో హుమాయూన్‌నగర్‌లో ఆడపిల్లల కోసం సఫ్దరియా పాఠశాలను నెలకొల్పారు. ఇంట్లో చదువుకున్న స్త్రీ ఇతరుల బిడ్డల కోసం బడి కట్టింది! మన ప్రశ్నకు సగం జవాబు ఇందులోనే ఉంది.

‘పిల్లవాడి ఇష్టమే పాఠం’ అనే వాదం

నేడు లోకంలో ఒక వాదం ఉంది. పిల్లలకు బడి అక్కర్లేదు, పాఠ్యప్రణాళిక కూడా అక్కర్లేదు, వారి ఆసక్తే వారికి దారి చూపుతుంది అని. దీన్ని ఇంగ్లీషులో అన్‌స్కూలింగ్ అంటారు. అమెరికాలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన జాన్ హోల్ట్ 1977లో ఇలాంటి కుటుంబాల కోసం ఒక పత్రికను ప్రారంభించి ఈ మాటను ప్రచారంలోకి తెచ్చాడు. అంతకుముందే 1971లో ఇవాన్ ఇల్లిచ్ అనే ఆలోచనాపరుడు, సమాజం విద్యను బడికి తాకట్టు పెట్టిందని విమర్శిస్తూ పుస్తకం రాశాడు. మన దేశంలోనూ పుణె, ముంబయి, బెంగళూరు వంటి నగరాల్లో ఇలా పిల్లలను పెంచుతున్న కుటుంబాలు ఉన్నాయి.

ఈ వాదంలో మనం స్వీకరించదగినది ఉంది. ప్రతి శిశువూ నిర్మలమైన ప్రకృతితో, ఫిత్రత్‌తో పుడుతుందని మన విశ్వాసం. తెలుసుకోవాలనే తపన ఆ ప్రకృతిలో భాగమే. భయం ఆ తపనను చంపుతుంది. ఇమామ్ గజాలీ (రహ్మ) తొమ్మిది వందల ఏళ్ల క్రితమే, మక్తబ్ నుంచి వచ్చిన పిల్లవాణ్ణి ఆడుకోనివ్వాలని, ఆట మానిపించి ఎప్పుడూ చదువులోనే బంధిస్తే అతని హృదయం మొద్దుబారుతుందని, తప్పించుకునే ఉపాయాలు వెతుకుతాడని హెచ్చరించారు. 1406లో మరణించిన చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్, కఠిన దండన విద్యార్థులకు అబద్ధాన్నీ కపటాన్నీ నేర్పుతుందని వివరించారు. హజ్రత్ అనస్ (రజి) పదేళ్ల వయసులో ప్రవక్త (సల్లం) సేవలో చేరి పదేళ్లు గడిపారు. ఆ పదేళ్లలో ఒక్కసారైనా విసుక్కున్న మాట ఆయన నోట వినలేదని సాక్ష్యమిచ్చారు. అంతకంటే గొప్ప పాఠశాల ఏముంటుంది?

అయితే మనం స్వీకరించలేనిది కూడా ఉంది. పిల్లవాడి ఇష్టమే అంతిమ ప్రమాణం అనే మాట మన ధర్మంతో సరిపడదు. ఏడేళ్లకు నమాజు నేర్పమని ప్రవక్త (సల్లం) తల్లిదండ్రులను ఆదేశించారు. పిల్లవాడికి ఎప్పుడు మనసైతే అప్పుడు నేర్చుకుంటాడులే అని వదిలేయలేదు. దివ్యఖుర్ఆన్‌లోని లుఖ్మాన్ సూరాలో ఆ వివేకి తన కుమారునికి చేసిన బోధ చూడండి. తౌహీద్‌తో మొదలై నమాజు, సహనం, నడకలో వినమ్రత, గొంతులో మృదుత్వం వరకు వరుసగా సాగుతుంది. అందులో ప్రేమ ఉంది, క్రమమూ ఉంది. ‘నా చిట్టితండ్రీ’ అనే లాలనతోనే కర్తవ్యాన్ని బోధించిన తండ్రి ఆయన. లాలన లేని క్రమం జైలు అవుతుంది. క్రమం లేని లాలన నిర్లక్ష్యం అవుతుంది. తర్బియత్ ఈ రెండింటి మధ్య నడిచే మార్గం.

పెద్దాయన కోపంలోని సత్యం

ఇక ఆ పెద్దాయన మాటకు వద్దాం. 2015 జనవరిలో పాతబస్తీలోని గాజుల తయారీ గదులపై పోలీసులు దాడులు చేసి రెండువందలకు పైగా పిల్లలను విడిపించారు. వారిలో ఎక్కువమంది బీహార్ నుంచి తెచ్చిన పసివాళ్లు. గాలి వెలుతురు లేని గదుల్లో రోజంతా గాజులకు రాళ్లు అతికిస్తూ గడిపినవాళ్లు. లాడ్‌బజార్‌లో మనం పెళ్లికూతురి కోసం మెరిసే జతను ఏరుకుంటున్నప్పుడు, ఆ మెరుపు వెనుక ఎవరి బాల్యం ఆరిపోయిందో మనకు తెలియదు.

రంగారెడ్డి జిల్లాలో వేలాది బాలకార్మికులను పని నుంచి బడికి మళ్లించిన ప్రొఫెసర్ శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసే పురస్కారం లభించింది. ఆమె పనికి పునాది ఒక్కటే సూత్రం: బడిలో లేని ప్రతి పిల్లవాడినీ బాలకార్మికుడిగానే లెక్కించాలి. పేదవాడికి పిల్లల సంపాదన అవసరం, చదువు తరువాత సంగతి అని వాదించేవారికి ఆమె ఇలా గట్టిగా జవాబిచ్చారు. ఈ సూత్రం కొందరికి మరీ కఠినంగా తోచవచ్చు. కానీ మన గల్లీల అనుభవం దాన్నే బలపరుస్తోంది. చదువుకున్న సంపన్న కుటుంబం బిడ్డను బడి మానిపిస్తే ఆ బిడ్డ చేతికి పుస్తకం, టెలిస్కోపు వస్తాయి. చదువులేని పేద కుటుంబం మానిపిస్తే చేతికి పానా, టీ గ్లాసుల ట్రే వస్తాయి. రెండింటినీ ఒకే పేరుతో పిలిస్తే మనల్ని మనం మోసగించుకున్నట్టే.

ఆడపిల్లల సంగతి ఇంకా సున్నితమైనది. ‘ఇంట్లోనే చదువు’ అనే మాట ఎన్నో ఇళ్లలో ‘ఇక చదువు చాలు’ అనే మాటకు మర్యాదైన ముసుగు. కొడుకును ఇంట్లో ఉంచితే పాఠం చెబుతారు, కూతుర్ని ఇంట్లో ఉంచితే తమ్ముణ్ణి ఎత్తుకోమంటారు. హజ్రత్ షిఫా (రజి) పేరు చెప్పుకునే మనకు ఇది తగునా?

అమానతు న్యాయం

ఇద్దరి మాటలోనూ నిజం ఉన్నప్పుడు తీర్పు ఎలా? నాకు తోచిన దారి అమానతు సూత్రం.

సంతానం మన సొత్తు కాదు. అల్లాహ్ మన వద్ద ఉంచిన అమానతు. ప్రతి ఒక్కరూ కాపరియేనని, తన మందను గురించి ప్రతి కాపరినీ ప్రశ్నించడం జరుగుతుందని ప్రవక్త (సల్లం) హెచ్చరించారు. ఎవరైనా తన వస్తువును మన దగ్గర దాచిపెడితే ఫిఖహ్‌లో దానికి ఒక నియమం ఉంది. జాగ్రత్తగా కాపాడినా ఆ వస్తువు పోతే, దాచినవాడు నష్టపరిహారం ఇవ్వనక్కర్లేదు. నిర్లక్ష్యం చేసినా, హద్దు మీరి వాడుకున్నా మాత్రం అతడే బాధ్యుడు. అంటే అమానతులో అడిగే ప్రశ్న ‘ఏం జరిగింది?’ అన్నది మాత్రమే కాదు, ‘నువ్వు ఎలా కాపాడావు?’ అన్నది.

ఈ నియమాన్ని మన ప్రశ్నకు వర్తింపజేయండి. ఎవరైనా అమానతుగా ఇచ్చిన బంగారాన్ని మీరు ఇంకొకరి చేతికి ఇచ్చి, ‘వాడికి నెలనెలా డబ్బు కడుతున్నాను, ఇక నాకేం సంబంధం’ అనగలరా? ఆ చేతిలో అది అరిగిపోతోందని కళ్లారా చూస్తూ ఊరుకుంటే అది కాపాడడమా? బడి ఫీజు కట్టి, బిడ్డ భయంతో వణుకుతున్నా, నాలుగేళ్లయినా నాలుగు వాక్యాలు చదవలేకపోతున్నా పట్టించుకోని తండ్రి పరిస్థితి ఇదే. పంపడంతో అతని బాధ్యత తీరలేదు. అదేవిధంగా, ఆ బంగారాన్ని వెనక్కి తెచ్చుకుని తాళం లేని పెట్టెలో పడేసినా కాపాడినట్టు కాదు. సరైన ఏర్పాటు లేకుండా బడి మానిపించిన తండ్రి స్థితి ఇది. కనుక బడికి పంపడం దానంతట అది పుణ్యమూ కాదు, మానిపించడం దానంతట అది పాపమూ కాదు. రెండింటిలోనూ నిర్లక్ష్యమే పాపం.

ఇక్కడ ఇంకో మాట కూడా చెప్పాలి. మన సొంత డబ్బుతో మనం సాహసం చేయవచ్చు, నష్టపోతే మనమే నష్టపోతాం. అమానతుతో సాహసం చేసే హక్కు మనకు లేదు. తండ్రి చేసిన ప్రయోగం విఫలమైతే దాని మూల్యం చెల్లించేది తండ్రి కాదు, ఇరవై ఏళ్లు వచ్చాక చేతిలో సర్టిఫికెట్ లేక, నోట్లో భాష లేక నిలబడే కొడుకు. అందుకే వెనక్కి వచ్చే దారి మూసుకుపోయే ఏ నిర్ణయమూ అమానతు విషయంలో తీసుకోరాదు.

ఒంటరి ఇల్లు మోయలేదు

ఇప్పుడు ఆ నాలుగు కుటుంబాల ఆలోచనను మళ్లీ చూద్దాం. అందులో నాకు నచ్చినది ‘బడి మానిపించడం’ కాదు, ‘నలుగురం కలిసి’ అన్న మాట. మౌలానా తండ్రి, డాక్టర్ హమీదుల్లాహ్ గారి తండ్రి ఒంటరిగా చేయగలిగినది, ఆటో నడిపే తండ్రి, జరీ పని చేసే తల్లి ఒంటరిగా చేయలేరు. కానీ ఒక గల్లీ మొత్తంలో ఉన్న జ్ఞానాన్ని కలిపితే? ఒక ఇంట్లో హాఫిజ్ ఉంటాడు. ఒక ఇంట్లో డిగ్రీ చదివిన కోడలు ఉంటుంది. ఒకాయన కిరాణా లెక్కల్లో దిట్ట. జిల్లా నుంచి వచ్చిన ఒక కుటుంబం చక్కని తెలుగు మాట్లాడుతుంది. విశ్వాసుల్లో కొందరు ధర్మజ్ఞానం కోసం బయలుదేరి, తిరిగి వచ్చి తమవారికి నేర్పాలని దివ్యఖుర్ఆన్ తౌబా సూరాలో ఆదేశిస్తోంది. సమాజంలో కొందరు నెరవేరిస్తే అందరి మీదా భారం తొలిగే, ఎవరూ నెరవేర్చకపోతే అందరూ దోషులయ్యే విధిని ఫర్జె కిఫాయా అంటాం. పిల్లల విద్య అలాంటి సామూహిక భారమే.

పాతబస్తీ కూడా ఒక తెరచిన పుస్తకం. మీర్ ఆలం చెరువు కట్టకు 21 కమానులు ఉన్నాయి. రెండు వందల ఏళ్లుగా నీటి ఒత్తిడిని ఆ వంపు ఎలా మోస్తోందో పిల్లవాడికి చూపిస్తే అది లెక్కా, విజ్ఞానమూ, చరిత్రా అన్నీ. ఛత్తాబజార్‌లో కాతిబ్ కలం పట్టుకునే తీరు, సాలార్‌జంగ్ మ్యూజియంలోని రాతప్రతులు, అఫ్జల్‌గంజ్‌లో 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైన పెద్ద లైబ్రరీ, ఇవన్నీ నడక దూరంలోనో, ఒక బస్సు దూరంలోనో ఉన్నాయి. బడికి వెళ్లే పిల్లలకైనా, వెళ్లని పిల్లలకైనా వీటిని చూపించకపోవడం మన లోపమే.

అయితే కలిసి నడిచేవారు కొన్ని నియమాలకు కట్టుబడాలి. అనుభవజ్ఞులతో మాట్లాడిన తరువాత నాకు అవసరమని తోచినవి ఇవి.

మొదటిది, ముందు బడితో మాట్లాడాలి. 2009 విద్యాహక్కు చట్టం పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా హింసించడాన్ని నిషేధించింది. చాలామంది తల్లిదండ్రులు ఒక్కసారి కూడా ప్రధానోపాధ్యాయుణ్ణి కలవకుండానే విసిగిపోతారు. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లి మర్యాదగా అడిగితే చాలా సమస్యలు అక్కడే తీరుతాయి. బడి మార్చడం కూడా ఒక మార్గమే.

రెండవది, చట్టాన్ని తెలుసుకోవాలి. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలను బడిలో చేర్పించడం తల్లిదండ్రుల కర్తవ్యమని 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఆ చట్టం చెబుతోంది. తల్లిదండ్రులకు శిక్ష మాత్రం అందులో లేదు. ప్రధానంగా ధార్మిక విద్య నేర్పే మద్రసాలకు, వేదపాఠశాలలకు 2012 సవరణ మినహాయింపు ఇచ్చింది. ఇంటివిద్యను గురించి చట్టం ప్రత్యేకంగా ఏమీ చెప్పలేదు. శిక్ష లేదు కదా అని కర్తవ్యాన్ని తేలిగ్గా తీసుకోవడం విశ్వాసికి తగదు. ఒప్పందాలను, దేశ చట్టాలను గౌరవించడం మన ధర్మం. తెలిసినవారి సలహా తీసుకోకుండా అడుగు వేయకూడదు.

మూడవది, తలుపు తెరిచి ఉంచాలి. బడి మానిన పిల్లవాణ్ణి వయసుకు తగిన తరగతిలో తిరిగి చేర్చుకోవాలని, వెనుకబడితే ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని అదే చట్టం చెబుతోంది. పద్నాలుగేళ్లు నిండినవారు తెలంగాణ ఓపెన్ స్కూల్ ద్వారా గానీ, జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా గానీ పదో తరగతి పరీక్ష రాయవచ్చు. ఓపెన్ స్కూల్‌లో ఉర్దూ, తెలుగు మాధ్యమాలు కూడా ఉన్నాయి. మీ పిల్లవాడు ఏ సంవత్సరంలో ఏ పరీక్ష రాస్తాడో కాగితం మీద రాసుకోలేకపోతే, మీకు ఇంకా ఏర్పాటు లేదన్నమాటే.

నాలుగవది, పిల్లల సమయం పిల్లలదే. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం పద్నాలుగేళ్లలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టరాదని చెబుతూ, బడి వేళలు ముగిశాక, సెలవుల్లో సొంత కుటుంబ వృత్తిలో సహాయపడడాన్ని మాత్రం అనుమతించింది. బడి వేళలే లేని పిల్లవాడికి ఈ హద్దును ఎవరు కాపాడాలి? తండ్రి మనస్సాక్షే కాపాడాలి. ‘పని నేర్చుకుంటున్నాడు’ అనే మాట వెనుక ‘పని చేసి పెడుతున్నాడు’ అనే నిజం దాగకూడదు. నేర్చుకోవడానికీ పని చేయడానికీ తేడా తేలిక. నేర్చుకునేవాడు రోజూ కొత్త పని చేస్తాడు, కూలీ రోజూ అదే పని చేస్తాడు.

ఐదవది, తెలుగు నేర్పాలి. పాతబస్తీలో పుట్టి పెరిగిన ఎందరో యువకులు కలెక్టరు కార్యాలయంలో దరఖాస్తు నింపలేక మరొకరి చేతికి కాగితం ఇస్తారు. 2018లో వచ్చిన చట్టం తెలంగాణ బడులన్నిటిలో తెలుగును తప్పనిసరి చేసింది. బడి మానిన పిల్లవాడు ఆ అవకాశాన్నీ కోల్పోతాడు. జైద్ బిన్ సాబిత్ (రజి) పరాయి లిపి నేర్చుకున్నది ప్రవక్త ఆదేశంతోనే. మనది పరాయి భాష కూడా కాదు, మన నేల భాష. ఇరుగుపొరుగు హిందూ సోదరుల పిల్లలతో కలిసి ఆడుకునే ఏర్పాటు కూడా ఉండాలి. నాలుగు ముస్లిం ఇళ్ల మధ్యే పెరిగిన పిల్లవాడు రేపు దైవ సందేశాన్ని ఎవరికి, ఏ భాషలో చేరవేస్తాడు?

ఆరవది, భారమంతా తల్లుల మీద పడకూడదు. సాధారణంగా ఇలాంటి ఆలోచన తండ్రులకు వస్తుంది, పని తల్లులకు పడుతుంది. వంట, పిల్లలు, జరీ చట్రం ముందు కూర్చోవడం, వీటికి తోడు పాఠాలు. ముందుగా ఆమెను అడగాలి. షూరాలో ఆమె మాట సమానంగా చెల్లాలి. తండ్రులు కూడా వంతు వేసుకోవాలి. పిల్లలు ఎవరింట్లో ఉన్నా ఇద్దరు పెద్దలైనా ఎదురుగా ఉండాలనే నియమం మొదటి రోజు నుంచీ పాటించాలి. నమ్మకం మంచిదే, జాగ్రత్త కూడా అమానతులో భాగమే.

ఏడవది, కొడుకుకు ఒక నీతి, కూతురికి ఒక నీతి ఉండరాదు. మీ ఏర్పాటు మంచిదో కాదో తెలుసుకోవడానికి తేలికైన పరీక్ష ఇది: మీ తెలివైన కొడుకును అందులో పెట్టగలరా? పెట్టలేకపోతే కూతుర్ని కూడా పెట్టకండి.

పిల్లవాణ్ణి కూడా అడగండి

చివరిగా ఒక మాట. ఇంత చర్చలో ఆ తొమ్మిదేళ్ల పిల్లవాణ్ణి ఎవరూ అడగలేదని నాకు తరువాత తట్టింది. హజ్రత్ ఇబ్రాహీమ్ (అలైహిస్సలామ్) అంతటి మహాప్రవక్త, అల్లాహ్ ఆజ్ఞ విషయంలో కూడా, తన కుమారుని అభిప్రాయం అడిగారు. పిల్లవాడి ఇష్టమే తీర్పు కాకపోవచ్చు, కానీ అతని మాట వినకుండా ఇచ్చే తీర్పు న్యాయమైనది కాదు.

మరుసటి జుమా నాడు ఆ సోదరునికి ఇదే చెప్పాను. అతను ఇంటికి వెళ్లి అడిగాడట. పిల్లవాడు చాలాసేపు మాట్లాడలేదట. తరువాత, “బడి వద్దని కాదు అబ్బా, ఫీజు గురించి అందరి ముందు నా పేరు పిలవొద్దని చెప్పండి” అన్నాడట. ఆ మాట చెబుతున్నప్పుడు తండ్రి కళ్లు చెమర్చాయి. ఆరు నెలలుగా ఆ చిన్న గుండె మోస్తున్నది చదువు భారం కాదు, తండ్రి పేదరికపు అవమానం!

ఆ నాలుగు కుటుంబాలు ఇంకా పిల్లలను బడి మానిపించలేదు. ఆదివారాలు, సెలవు రోజులు కలిసి నేర్పుకోవడం మొదలుపెట్టారు. ఒక సంవత్సరం ఇలా కలిసి నడవగలిగితే, అప్పుడు మిగతా సంగతి షూరాలో నిర్ణయించుకుంటారు. ఫీజు బాకీని గల్లీలోని ఒకాయన పేరు చెప్పకుండా తీర్చాడు. నా మనసుకు ఊరట కలిగించినది మాత్రం మరొకటి. ఆ రోజు కోపగించుకున్న పెద్దాయన ఇప్పుడు ఆదివారాలు ఆ పిల్లలకు తెలుగు వాచకం చదివిస్తున్నారు. ఆయన తన అభిప్రాయం మార్చుకోలేదు. ‘బడి మానిపిస్తే మొదట అడ్డుకునేది నేనే’ అంటూనే చదివిస్తున్నారు. అటువంటి పెద్దవాడు ప్రతి గల్లీలో ఒకరుంటే బడి ఉన్నా లేకపోయినా మన పిల్లలు అనాథలు కారు.

రేపు తీర్పుదినాన మన పిల్లలను గురించి అల్లాహ్ అడిగినప్పుడు ఫీజు రసీదులు చూపించడంతో మనం బయటపడలేము. ‘బడి మంచిది కాదు, అందుకే మానిపించాను’ అన్న సాకుతోనూ బయటపడలేము. ఆ అమానతును ఎలా కాపాడామన్నదే ప్రశ్న.

మన సంతానాన్ని మన కళ్లకు చల్లదనంగా చేయమని, వారికి ప్రయోజనకరమైన జ్ఞానాన్ని, మనకు దాన్ని అందించే ఓర్పును, వారి మౌనాన్ని అర్థం చేసుకునే హృదయాన్ని ప్రసాదించమని అల్లాహ్‌ను వేడుకుందాం. ఆమీన్.